ముప్పై ఏడో కుటుంబం

ఓబులమ్మ నమ్మిందో లేదో, కొడుక్కి వచ్చిన మతి జబ్బు నీ తప్పు కాదమ్మా అని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది, ఆత్మకూరులో ఆ రేకుల వరండాలో పరిశోధనకు రక్తం తీస్తున్నంతసేపూ ఆమె అదే అడిగింది, కడుపుతో ఉన్నప్పుడు నేనేమన్నా తినరానిది తిన్నానా అని, నలభై ఇళ్ళలో తల్లులందరూ ఇదే అడిగారు, తండ్రి ఒక్కడూ అడగలేదు, అనుకుంటూ సుజన ఉదయగిరి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫోను తీసింది, హైదరాబాదు ల్యాబు నుంచి మెసేజి, లిఖిత, తన దగ్గర పరిశోధన చేసే హుషారైన పిల్ల, మేడం, ముప్పై ఏడో కుటుంబం భలే ఉంది, పదహారో క్రోమోజోములో ఒక ముక్క అదనంగా ఉంది, తండ్రికి ఉంది, కొడుక్కి ఉంది, కూతురికీ ఉంది, తల్లికి మాత్రం లేదు, జబ్బేమో కొడుకొక్కడికే, మన పేపర్లో ఈ కుటుంబాన్నే ముందు పెడదామా అని, చివర ఒక నవ్వు బొమ్మ.

ముప్పై ఏడు, ఆ అంకె వెనక ఎవరున్నారో లిఖితకు తెలియదు, ల్యాబులో పేర్లుండవు, తండ్రి అంటే మాల్యాద్రి మాస్టారు, తన నాయన, కొడుకంటే యేసుబాబు, పందొమ్మిదో ఏట డిగ్రీ పరీక్ష రాస్తూ గోడలు మాట్లాడుతున్నాయని లేచి బయటికి నడిచిన అన్న, కూతురంటే, ఎక్కడికమ్మా అని కండక్టరు అడిగితే ముప్పై ఏడు అంది, ఆయన వింతగా చూశాడు, ఉదయగిరి అని సర్దుకుంది, నోటిచ్చి టికెట్టు తీసుకుంది, ఆ ముక్క ఉన్నవాళ్ళందరికీ జబ్బు రావాలని లేదు, ఆ వాక్యం రాసింది తనే, ఎన్ని సభల్లో చదివిందో, ఇప్పుడది ఎవరో పరాయివాళ్ళ మాటలా ఉంది, తన ఒంట్లో, నలభై ఒక్క ఏళ్ళుగా, తెలియకుండా, నాయన ఒంట్లోనూ, పాతికేళ్ళుగా అన్న కేక పెట్టినప్పుడల్లా ఇది మీ అమ్మ రెబెకమ్మ పుట్టింటి రక్తం అంటూ వచ్చిన నాయన, రక్తమిచ్చే రోజు కాగితం మీద దర్జాగా సంతకం చేసి, ఎవరి వైపుదో తెలిస్తే మీ అమ్మ ఎదురుగ్గానే చెప్పు, దాచబాక, అని చెప్పిన నాయన.

ఇంట్లో అమ్మ ఒక్కతే అన్నకు మాత్రలు వేస్తోంది, నాయన చర్చి పని మీద దుత్తలూరు వెళ్ళాడట, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి సుజన చెప్పేసింది, అమ్మా, అన్న జబ్బు నీ వైపు నుంచి రాలేదు, నాయన వైపు నుంచి వచ్చింది, అమ్మ ఏడుస్తుందనుకుంది, ఇన్నేళ్ళ మాటలకు కనీసం ఒక్క నిట్టూర్పు వదుల్తుందనుకుంది, అమ్మ నీళ్ళ గ్లాసు కింద పెట్టి, మరి నీకూ ఉండాదా అని అడిగింది, తను తలూపితే దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది, జ్వరం చూసినట్టు, కాసేపు అలాగే ఉంచింది, నాయనకు చెప్పమంటావా అంటే, చెప్పు, ఆయనే అడిగినాడు గదా, అంది, ఆపైన నిమ్మళంగా, కోపమేమీ లేకుండా, ఆయన అన్నాడంటే ఆయనకేం తెలుసు, నువ్వు ఇంత చదివినదానివి, నువ్వు గూడా నమ్మినావు గదా సుజనా, అంది.

లేదమ్మా అనబోయింది, అంతలో వంశవృక్షం కళ్ళముందుకొచ్చింది, పీహెచ్‌డీ మొదటి ఏడు తన చేత్తో గీసుకున్న సొంత కుటుంబపు పటం, ఆడవాళ్ళకు గుండ్రం, మగవాళ్ళకు చదరం, జబ్బున్నవాళ్ళకు లోపల నలుపు నింపాలి, అమ్మ చెల్లెలు సుకుమారి పిన్ని ఒక్క ఆదివారం, బిడ్డ పోయిన నెలలో, చర్చిలో ప్రసంగం మధ్యలో లేచి అరిచింది, అంతే, ఆ ఒక్కసారే, అయినా ఆమె గుండ్రానికి తను నలుపు నింపింది, ఏ డాక్టరు చెప్పాడని, ఏ పరీక్షలో తేలిందని, నాయన వైపు తొమ్మిది మంది, అందరినీ తెల్లగా వదిలింది, వాళ్ళలో ఒకాయన ఇరవయ్యో ఏట ఇల్లు వదిలి వెళ్ళి మళ్ళీ రాలేదని చిన్నప్పుడు విన్నది, విని కూడా తెల్లగానే వదిలింది, ఊరూరా తిరిగి అందరి అమ్మల్నీ నాన్నల్నీ సమానంగా అడిగిన మనిషి, తన ఇంట్లో మాత్రం, నాయన వైపు, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.