తిరగేసిన టోపీ, వెచ్చటి మొలకపిండి

"బూజు లేదత్తయ్యా!"

పొయ్యి పక్కన మొలకపిండి సంచి విప్పి కోడలు అసీల్‌కాన్ పెట్టిన కేక అది. పెరట్లో గొర్రెలకు గడ్డి వేస్తున్న మామ కాసీమాలికి మాత్రం, గాలీ గొర్రెల గోలా అడ్డం రావడంతో, "బోజో లేదత్తయ్యా!" అని వినబడింది. చేతిలోని గడ్డి గొర్రెకు కాక గాలికి పోయింది.

శనివారం జోరో ఆయన ఇంట్లోనే మరి! చలికాలమంతా వారానికో ఇంట్లో చేరి, ఆ ఇంట్లో పులియబెట్టిన వరిగల బోజో తాగుతూ పాటలు పాడుకునే మగవాళ్ల జట్టు అది. పేరు జోరో, నోరు జోరు. ఎవరి బోజో చెడితే వాడు బొచ్చుటోపీ తిరగేసి పెట్టుకోవాలి, ఇంకొకడి బోజో చెడేదాకా. ప్రస్తుతం ఆ వైభోగం పక్కింటి దుయ్‌షోన్‌ది. భార్య పోయాక తన వంట తనే చేసుకుంటున్న ఆ మనిషి, పోయిన వారం అందరికీ పోసింది బోజో కాదు, జిగురు.

కాసీమాలి లోపలికెళ్లి ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఆయన అడిగే రకం కాదు, చాటే రకం. నేరుగా వీధిలోకెళ్లి, తమ ఇంట బోజో లేదంటూ తల పట్టుకున్నాడు.

ఇంట్లో అసీల్‌కాన్‌కు ఈ సంగతేం తెలియదు. అత్త జూరాకాన్ తన మణికట్టు పట్టేయడంతో, ఈ ఏడు మొదటిసారి బోజో పని కోడలికి అప్పగించింది. చెమ్మ తగలకూడదని కోడలు బోజోలో కలిపే ఆ మొలకపిండి సంచిని ఆకురాలే కాలం నుంచీ పొయ్యి గూట్లోనే దాచింది. ఇప్పుడు చిటికెడు నోట్లో వేసుకుంటే కరకరలాడింది. వాసన కమ్మగా ఉంది. పురుగు లేదు.

"ముక్కు మాట నమ్మకే పిల్లా, గంజిని అడుగు," అంది అత్త.

గోరువెచ్చటి వరిగల గంజిలో గుప్పెడు పిండి కలిపి, గుడ్డ కప్పి, ఇద్దరూ టీ తాగారు. పిండిలో సత్తువ ఉంటే గంజి ఈపాటికి పాలలా జారాలి. గుడ్డ తీస్తే చెంచా నిటారుగా నిలబడి ఉంది.

"చచ్చింది," అంది జూరాకాన్. "పొయ్యి వేడికి మాడకుండానే చచ్చింది. బూజు రాకుండా కాపాడావు, ప్రాణం ఉంచడం మరిచావు."

అసీల్‌కాన్ మొహం ఆ గంజిలాగే గడ్డకట్టింది. మొదటి బోజోకే మామ టోపీ తిరగబడుతుందా?

అప్పుడే దుయ్‌షోన్ గుమ్మంలోకి వచ్చాడు. "ఏం అమ్మాయ్, మీ ఇంట బోజో లేదటగా! నా టోపీకి విడుదలేనా?"

"బాబాయ్, మీ మొలకపిండి ఏమైనా మిగిలిందా?"

"అది చచ్చిన పిండి తల్లీ! ఊరంతా రుచి చూసిందిగా."

అయినా ఆమె వాళ్లింటికి వెళ్లింది. సంచి పొయ్యి వేడి తగలని చలిగదిలో మేకుకు వేలాడుతోంది. అక్కడే గంజి కాచి, చల్లార్చి, గుప్పెడు కలిపింది. టీ అయ్యేసరికి గంజి గరిటె మీంచి దారగా జారింది.

"పిండి బంగారంలా ఉంది బాబాయ్! ఆ రోజు ఎప్పుడు కలిపారు?"

"పొగలు కక్కుతున్నప్పుడే. చల్లారేదాకా ఆగే ఓపిక ఎవడికుంది?"

"అదీ సంగతి! నేను గూట్లో చంపాను, మీరు కుండలో చంపారు."

దుయ్‌షోన్ టోపీ మీదుగానే తల గోక్కున్నాడు. "అంటే ఈ పిండి నీకిస్తే, టోపీ నా నెత్తినే ఉంటుందన్నమాట."

"అంతే బాబాయ్," అంది ఆమె, నేల చూస్తూ.

ఆయన గంజి వైపు చూసి, సంచి మేకు నుంచి తీశాడు. "పట్టుకుపో. మీ అత్త రొట్టెలు తిన్న నోరు ఇది. పైగా బొచ్చు లోపలికుంటే బుర్రకు వెచ్చగానే ఉందిలే. నా పిండి అని మాత్రం చెప్పకు, ఒక్కడూ తాగడు."

శనివారం జట్టంతా ముందే నవ్వుకుంటూ వచ్చింది. జోరో పెద్ద ఓముర్‌కుల్ గిన్నె ఎత్తి, ఒక గుక్క తాగి, మీసం తుడుచుకుని, మిగతాది ఒక్కసారే ఖాళీ చేశాడు.

"ఏవయ్యా కాసీమాలీ, లేదన్న బోజో ఎక్కణ్నుంచి ఊడిపడింది?"

కాసీమాలి ఛాతీ పొంగించాడు. "మా కోడలి చెయ్యి!"

దుయ్‌షోన్ మూలన కూర్చుని గిన్నెలోకి చూసుకుంటున్నాడు. అసీల్‌కాన్ ఊరుకుంటే మెప్పంతా ఆమెదే. ఆమె కూజా కింద పెట్టింది.

"చెయ్యి నాదే, పిండి దుయ్‌షోన్ బాబాయ్‌ది. నాది పొయ్యి గూట్లో చచ్చింది. తన టోపీ శిక్ష పోదని తెలిసే ఇచ్చారు ఆయన."

గది గొల్లుమంది. ఓముర్‌కుల్ లేచి దుయ్‌షోన్ టోపీని స్వయంగా తీసి, బొచ్చు పైకి తిప్పి పెట్టాడు.

"మరి బోజో లేదని చాటింపు వేసిందెవరు?"

"మా కోడలే అరిచింది! ఈ చెవులతో విన్నాను!" అన్నాడు కాసీమాలి.

"నేను లేదన్నది బూజు మామయ్యా!"

ఈసారి నవ్వులకు కిటికీలు అదిరాయి. కాసీమాలి ఒక్కొక్కరి మొహం చూసి, తన టోపీ తీసి, తిరగేసి, చెవుల మీదికి బాగా లాక్కున్నాడు.

"తప్పు వీటిది," అన్నాడు. "శిక్ష వీటికే."