గుడ్డబొమ్మ తెల్లగాజులు

ప్రమీల పొద్దుటినుంచి ఒక్కచోట కుదురుగా కూర్చుంటే ఒట్టు. పొయ్యి మీద పాలు పెట్టింది, మరిచింది. గేటు దాకా పోయి వచ్చింది, మళ్లీ పోయింది. ఖానాపురం హవేలి మలుపులో షేర్ ఆటో ఆగిన చప్పుడైతే చాలు, చేతిలో సూది ఉండగానే లేచి నిలబడుతోంది. అక్క ద్వాలి కారేపల్లి నుంచి కంటి దవాఖానాకు వచ్చింది. చూపించుకొని మధ్యాహ్నానికి ఇంటికొస్తానంది. ఆలోపల బొమ్మ తయారు కావాలి.

బొమ్మంటే అంగట్లో కొన్నది కాదు. వాళ్లమ్మ, తండాలో యాడి అంటారు, తన పాత లంగా ముక్కలతో పెద్దకూతురికి కుట్టిచ్చిన గుడ్డబొమ్మ. జానెడుంటుంది. కొత్తలో ఎర్ర లంగా, దాని మీద గోరంత అద్దాలు, నడుముకు రెండు గవ్వలు, మోచేతుల పైన తెల్లగాజులు. ఆ గాజులు మొగుడున్న ఆడది వేసుకునేవి. అచ్చం యాడి చేతులకున్నట్టే చేసింది. పోయిన నెల తండాలో పాత ఇల్లు కూలగొడితే అటక మీది ట్రంకుపెట్టెలో దొరికింది. "ఎలుకలు కొట్టినదాన్ని ఏం జేసుకుంటవే, పారెయ్యి" అంది ద్వాలి. ప్రమీల కొంగున చుట్టి తెచ్చుకుంది.

ఎందుకు తెచ్చుకుందో చెప్పాలంటే నలభై ఏడేళ్లు వెనక్కి పోవాలి. ప్రమీలకు అప్పుడు ఐదేళ్లు. తండ్రి పాము కరిచి పోయాడు. ఆ దినాల్లోనే ఒక ముసలమ్మ ఈ బొమ్మను చేతికి తీసుకుంది. చూస్తే చేతులు బోసిగా ఉన్నాయి. "చిన్నది బొమ్మ గాజులు పీకింది, తల్లి గాజులు పోయినయ్" అంది. ఆ ఒక్క మాట తండా అంతా తిరిగింది. అన్న తుల్సీరాం అయితే వీపు మీద రెండు వేశాడు కూడా. ఐదేళ్ల పిల్లకేం గుర్తుంటుంది, పీకిందో లేదో? గుర్తు లేదు కాబట్టే నమ్మింది. ఎవరి పెళ్లిలో పెళ్లికూతురికి గాజులెక్కిస్తున్నా తను వెనక్కి జరిగి గోడకు ఆనుకుని నిలబడేది. మొగుడికి జ్వరమొచ్చిన ప్రతిసారీ తన చేతులు తనే చూసుకునేది. బొమ్మ మళ్లీ మొదట ఉన్నట్టయితే ఆ పాపం కొంతైనా దిగుతుందని ఆమె ఆశ.

అద్దాలు సులువే. బజార్లో ప్లాస్టిక్‌వి అంటగట్టబోతే కాదని, తన పాత రవిక విప్పి గాజు అద్దాలు తీసింది. గాజులే తిప్పలు పెట్టాయి. పెన్ను గొట్టం కోస్తే దొడ్డుగా వచ్చింది. యాడి వాటిని నెమలీక మొదట్లోని తెల్ల గొట్టంతో చేసిందని గుర్తొచ్చి, భద్రాచలం అడవి వైపు నుంచి రాలిన ఈకలు తెచ్చే హేమ్లాకు ఫోను చేసింది.

"అడుగు ముక్కలే కావాల్నంటవ్, మిగిలింది నేనేం జేసుకోవాలమ్మా?" అన్నాడు హేమ్లా.

"అందమంతా నువ్వే ఉంచుకో అయ్యా. నాకు ఎవరూ చూడని ముక్క చాలు."

వేడినీళ్లలో నానబెట్టి బ్లేడుతో చక్రాలు కోసింది. కుడికి ఆరు, ఎడమకు ఆరు. ఆఖరిది ఎక్కిస్తుండగానే గేటు చప్పుడైంది.

"పాలు మాడినయ్ కదనే పమ్మీ! వీధి మొగదాకా వాసనొస్తుంది" అంటూ ద్వాలి నల్లద్దాలతో లోపలికొచ్చి చాప మీద కూలబడింది.

ప్రమీల నీళ్లైనా ఇవ్వకుండా బొమ్మను ఒళ్లో పెట్టింది. కంట్లో వేసిన చుక్కలకు ద్వాలికి చూపు ఆనడం లేదు. వేళ్లతో తడిమింది.

"అద్దాలు గిట్లనే ఉండె. గవ్వలు గూడ." వేలు ఎడమచేతి మీద ఆగింది. "ఈడ ఒకటి తక్కువేసినవ్. ఎడమకు ఏడుండె."

"ఏడా? నీకెట్ల యాదికుంది?"

"తీసేటప్పుడు లెక్కబెట్టిన గదా!"

అనేసి ద్వాలి వేళ్లు వెనక్కి తీసుకుంది. ప్రమీల కూర్చున్నదల్లా లేచింది.

"ఏం దీసేటప్పుడు అక్కా?"

ద్వాలి చాలాసేపు బొమ్మ లంగా సర్దింది. "బాపు పోయిన మూడోనాడు యాడి గాజులు తీస్తుండ్రు. తడిక సందుల నుంచి చూసిన. బొమ్మను గూడ నేను యాడీ అనే పిలుస్తుంటి. ఆమెకు లేనియి దీనికెట్లుంటయ్ అనుకున్న. తీసి పొయ్యిల వేసిన."

"అంటే బాపు పోయినంక."

"అవ్. పోయినంకనే."

ప్రమీల వంటింటి దాకా పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. "మరి నా పేరు చెప్తుంటే?"

"పదకొండేండ్ల దాన్ని. భయమైంది. రేపు చెప్దామనుకున్న. ఆ రేపు రానే లేదు."

"పెండ్లిళ్లల్ల నేను ఎనక్కి జరుగుతుంటే చూసినవ్. ఒక్కనాడన్న చెయ్యి వట్టి ముందుకు గుంజినవా?"

ప్రమీల ఫోను తీసి నంబరు నొక్కి అక్క చేతిలో పెట్టింది. "అన్నకు చెప్పు. నీ నోటితోని."

"పత్తి చేన్ల ఉంటడే..."

"ఉండనియ్."

ఫోను మోగుతోంది. ప్రమీల బ్లేడు తీసుకుని ఏడో చక్రం కోయబోయింది. ముక్క ఎగిరిపోయింది. ఇంకోటి కోస్తే వంకరగా వచ్చింది.

"ఆఁ ద్వాలీ, డాక్టరేమన్నడు?" స్పీకర్లో తుల్సీరాం గొంతు.

"కండ్ల సంగతి కాదన్నా. బొమ్మ గాజులు తీసింది నేను. పమ్మి కాదు."

అవతల చేలో ఎవరో కేకేస్తున్నారు.

"ఏ బొమ్మ?"

ద్వాలి చెల్లెలి వైపు చూసింది. ఫోను కిందికి దింపబోయింది. ప్రమీల ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మొదటినుంచి చెప్పు" అంది.