ఉప్పునీళ్ళ సంబంధం

పెళ్ళిసంబంధం మాట్లాడటానికి వెళుతూ మంచినీళ్ళ డబ్బా వెంట మోసుకెళ్ళినవాడు మా బామ్మరిది జయదేవ్ ఒక్కడే అయి ఉంటాడు. చిన్న సీసా కాదు, ఇరవై లీటర్ల డబ్బా. బెజవాడలో కారు డిక్కీలో పెట్టి, అవనిగడ్డ, నాగాయలంక దాటించి, గవ్వలతిప్ప దాకా తీసుకొచ్చాడు.

"ఎందుకురా ఇది?" అని దారిలో రెండుసార్లు అడిగాను.

"ఉప్పునీళ్ళ ఊరు బావా. వాళ్ళ కాఫీ తాగితే మనకి రెండ్రోజులు సెలైన్ ఎక్కించినట్టే," అన్నాడు.

ఆ ఊరి అబ్బాయి ఉదయభాస్కర్ మా శాంభవికి వచ్చిన సంబంధం. అక్కడి హైస్కూల్లో సైన్సు మాస్టారు. మా అమ్మాయి లెక్కల టీచరు. శిక్షణ తరగతుల్లో ఒకరినొకరు చూశారు. అంతకుముందు ఎనిమిది సంబంధాలకు తల అడ్డంగా ఊపిన పిల్ల, ఈ ఒక్కదానికి మాత్రం "ఇల్లు చూసొద్దాం నాన్నా" అంది. పెళ్ళికాని పిల్ల అబ్బాయి ఇంటికి రాకూడదని జయదేవ్ అభ్యంతరం చెబితే, "కాపురం చెయ్యాల్సింది నేనా, నువ్వా మావయ్యా?" అని వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

నేను ఆర్టీసీలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి కంట్రోలరుగా దిగినవాణ్ణి. ఏ బస్సు ఎప్పుడు కదలాలో చెప్పడం వచ్చు గానీ, ఇంట్లో నా మాట మీద ఏదీ కదలదు. మా ఆవిడ శాంతకుమారికి తమ్ముడి మాటే మాట. మోకాళ్ళ నొప్పులని ఇంట్లో ఉండిపోతూ, "జయదేవ్ సరేనంటేనే తాంబూలాలు" అని తేల్చేసింది. వాడేమో బయలుదేరే ముందే కాదన్నాడు. ఉప్పునీళ్ళ ఊరికి పిల్లనివ్వడం మా వైపు ఎప్పుడూ లేదు. పైగా సముద్రం పెరుగుతోందని ఫోన్లో ఏవో పటాలు చూశాడు. "పిల్లను చేపలకిస్తామా బావా?" అని అడిగాడు. శుక్రవారం కొండెక్కి దుర్గమ్మ ముందు నిలబడి, "పిల్ల మనసు విరగకుండా చూడు తల్లీ" అని మాత్రం అడిగి వచ్చాను.

గవ్వలతిప్పలో అబ్బాయి తండ్రి రామకృష్ణగారు ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చారు. వరండాలో పడక్కుర్చీలో ఆయన తల్లి సీతారావమ్మగారు. ఎనభై దాటాయట, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. మేము కూర్చున్నామో లేదో, జయదేవ్ డబ్బా భుజానికెత్తుకొచ్చి వరండాలో దించాడు.

"అంత డబ్బానా! నెయ్యా నాయనా?" అందావిడ.

"కాదు మామ్మగారూ. మంచినీళ్ళు."

అబద్ధం కూడా చేతకాలేదు మా వాడికి. రామకృష్ణగారి ముఖం మాడిపోయింది. శాంభవి తల దించుకుంది. పిలిచి కూర్చోబెట్టినవాళ్ళ ఇంటికి నీళ్ళు తెచ్చుకోవడం కంటే అవమానం ఏముంటుంది? నేను లోపల గోవిందనామాలు మొదలుపెట్టాను.

ముసలావిడ పకపకా నవ్వింది. "నిజమేగా. మా బావి ఉప్పెక్కి పన్నెండేళ్ళయింది. తాగడానికి వాననీళ్ళ తొట్టి కట్టుకున్నాం. బావినీళ్ళు మాత్రం వదులుకోలేదు నాయనా. పప్పులోకి నాలుగు గరిటెలు పోస్తే ఉప్పు వెయ్యక్కర్లేదు. ఊరమిరపకాయల రోజుల్లో ఊరంతా మా చేదకే క్యూ."

"అయితే సీసాల్లో పోసి అమ్మండి, పప్పునీళ్ళని," అన్నాడు జయదేవ్ వెటకారంగా.

అప్పటిదాకా నోరు విప్పని ఉదయభాస్కర్, "అది చిల్లర వ్యాపారమండీ," అన్నాడు నెమ్మదిగా. "సముద్రం మీ వైపే వస్తోంది. పెద్దవి ఆలోచించాలి. గుడివాడలో ఇప్పుడే స్థలాలు కొని, బీచ్ ఎదురు ప్లాట్లని బోర్డు పెట్టొచ్చు."

"సముద్రం గుడివాడ ఎప్పుడొస్తుంది?"

"అది కొన్నవాళ్ళ మనవలు చూసుకుంటారు. ఇప్పుడు అమ్మే వెంచర్లలో మాత్రం రోడ్డు ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసండీ?"

జయదేవ్ గొంతు సవరించుకున్నాడు. వాడికీ అలాంటి వెంచర్లో ఒక ప్లాటుంది. రోడ్డు ఇంకా రాలేదు.

ఆటోనగర్లో ఇరవై ఏళ్ళుగా లారీ స్పేర్ పార్టులమ్మే మనిషి, వ్యాపారం మాట వినపడితే ఎంతసేపని బిగుసుకు కూర్చుంటాడు? కాఫీ ఒక గుక్క తాగి, గ్లాసు వైపు ఆశ్చర్యంగా చూసి, మిగతాది గటగటా తాగేశాడు. "మాస్టారూ, మీకు స్థలాల సంగతి తెలీదు. అసలు లాభం మా ఆటోనగర్‌ది. లారీ బాడీ కట్టేవాడికి పడవ కట్టడం ఎంతసేపు? అవే రంగులు, ముందు అవే నిమ్మకాయలు. పడవక్కూడా హారన్ కొట్టాలిగా!"

"కొండపల్లి వాళ్ళని మర్చిపోయావు మావయ్యా," అంది శాంభవి. "దశావతారాల బొమ్మల్లో ఇక చేప, తాబేలే అమ్ముడవుతాయి. మిగతా ఎనిమిదీ ఉచితం."

"గన్నవరంలో విమానాలు నీళ్ళమీదే దిగుతాయి," అన్నారు రామకృష్ణగారు. ఆయన ముఖం కూడా విచ్చుకుంది. "రన్‌వే ఖర్చు మిగులు."

"కల్యాణమండపాలు పంటు పడవ మీద పెట్టాలి," అంది సీతారావమ్మగారు. "ఒడ్డునుంచి వదిలాక ఎవడూ పోలేడు. అక్షింతలు వేసి పారిపోయే చుట్టాలందరూ అప్పగింతల దాకా ఉండి ఏడవాల్సిందే!"

నాకూ ఒక సందేహం వచ్చింది. నవ్వుకి కాదు, నిజంగానే అడిగాను. "బెజవాడకి సముద్రం ఆగ్నేయంగా ఉంది కదండీ. ఆగ్నేయంలో నీళ్ళు వాస్తుకి దోషం. ఊరంతటికీ ఒకేసారి దోషమొస్తే శాంతి ఎవరు చేయించాలి?"

అందరూ ఒక్కసారిగా నవ్వారు. "బావా! అన్నిట్లోకీ నీదే పెద్ద వ్యాపారం," అన్నాడు జయదేవ్ కళ్ళు తుడుచుకుంటూ. "సముద్రాన్ని ఈశాన్యానికి జరిపిస్తామని బోర్డు పెడితే జనం తోసుకొస్తారు!"

నేనూ నవ్వాను. నవ్వుతూనే అనుకున్నాను, ఇలా నవ్వొచ్చా అని. కృష్ణపరమాత్మ ఊరినే సముద్రం ఉంచలేదు. మనమెంత? అయినా మునిగేదాకా ద్వారకలో పండుగలు మానేసి ఉంటారా? ఆ సంగతి దేవుడికే తెలియాలి.

కొంచెంసేపటికి జయదేవ్‌కి వచ్చిన పని గుర్తొచ్చింది. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "నవ్వులకేంగానీ మామ్మగారూ, తప్పుగా అనుకోవద్దు. మునిగే ఊరికి పిల్లనిమ్మని మా అక్కకి ఏ ముఖంతో చెప్పను?"

శాంభవి చేతిలో గ్లాసు కదలకుండా ఉండిపోయింది. సీతారావమ్మగారు మాత్రం తొణకలేదు.

"బెజవాడలో మీ ఇల్లెక్కడ నాయనా?"

"సింగ్‌నగర్ అండీ."

"మొన్నామధ్య బుడమేరు వరద వచ్చింది చూడు, అప్పుడు నీళ్ళెంత లోతు?"

జయదేవ్ తన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించాడు. "వారం రోజులు మేడమీదే."

"పాలు, అన్నం ఎలా వచ్చాయి?"

"పడవల్లో."

"మా వైపు పడవలు కూడా లారీలెక్కి మీ ఊరొచ్చాయి నాయనా. డెబ్బై ఏడు ఉప్పెన తప్పిస్తే, ఇన్నేళ్ళు సముద్రం పక్కనున్నా మా వాకిట్లోకి ఇంకా నీళ్ళు రాలేదు. మునిగింది మీరు. మునిగే ఊరి పిల్ల మాకొద్దని మేమన్నామా?"

ఎవరూ నవ్వలేదు. జయదేవ్ ఛాతీ మీది చెయ్యి అప్పుడు దించాడు.

శాంభవి లేచింది. "మాస్టారూ, హాస్యం కాకుండా చెప్పండి. ఇంకా ఎన్నాళ్ళు?"

ఉదయభాస్కర్ మమ్మల్ని ఊరి చివర లాకుల దగ్గరికి తీసుకెళ్ళాడు. మురుగుకాలువ సముద్రం వైపు మళ్ళే చోట సిమెంటు గోడ. దానిమీద ఎర్ర రంగుతో ఎనిమిది గీతలు, పక్కన సంవత్సరాలు.

"ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద పోటు వచ్చిన రోజున, నీళ్ళెక్కిన చోట పిల్లలూ నేనూ కలిసి గీస్తాం. కొన్నేళ్ళు తగ్గింది. ఎక్కువేళ్ళు పెరిగింది. ఎన్నాళ్ళో నాకు తెలీదండీ. తెలుసని చెబితే అబద్ధం. ఉన్నన్నాళ్ళు ఇక్కడే పాఠం చెబుతాను. లేవాల్సిన రోజొస్తే పంతానికి పోను. మామ్మనీ, బడి పిల్లల్నీ వెంటపెట్టుకుని లేస్తాను."

మా అమ్మాయి వంగి గోడంతా చూసింది. ఒక్కో గీత మీదా వేలు పెట్టింది.

"ఈ నాలుగోది వంకరగా ఉంది," అంది చివరికి. "ఇలా గీస్తే లెక్క ఎలా తేలుతుంది? వచ్చే ఏడాది స్కేలు పెట్టి నేను గీస్తాను."

ఉదయభాస్కర్ చెవులు ఎర్రబడ్డాయి. "వంకరది తుడిపేసి..."

"తుడపకండి. పక్కన సరైనది వేస్తా."

జయదేవ్ నా వైపు చూశాడు, నేను ఆకాశం వైపు చూశాను. కాసేపు వాడు గోడ చుట్టూ తిరిగి, తన్ని చూసి, గట్టిదేనని తలూపాడు. "సర్లే బావా," అన్నాడు. "ఈ పిల్ల నా మాట ఎప్పుడు వింది గనక!"

మళ్ళీ వాళ్ళింటికి రాగానే రామకృష్ణగారు పంచాంగం తీశారు. వాళ్ళ ఆనవాయితీ ప్రకారం పెళ్ళి మగపెళ్ళివారి పందిట్లోనే. మాఘమాసంలో నేను ఒక తిథి చూపిస్తే ఆయన తల అడ్డంగా ఊపారు. "పున్నమి దగ్గర వద్దు బావగారూ. పోటెక్కితే రోడ్డు మీదకి నీళ్ళొస్తాయి, మీ బస్సు తిరగదు. పోటు తక్కువుండేది అష్టమి ప్రాంతంలో."

"అష్టమి పెళ్ళికి పనికిరాదండీ," అన్నాను.

"నవమీ వద్దు," అంది సీతారావమ్మగారు. "దశమి చూడండి."

మాఘ శుద్ధ దశమి. రోహిణీ నక్షత్రం. దేవుడికీ సముద్రానికీ ఒకేసారి సమ్మతమైన రోజు దొరికిందని చేతులు జోడించాను. అయినా ఒక మాట అడగడం మంచిదని రామకృష్ణగారు పడవ నడిపే యేసుకుమార్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు.

"పున్నానికి ఐదు రోజులు ముందాండీ?" అవతల యేసుకుమార్ వేళ్ళు లెక్కపెడుతున్నట్టున్నాడు. "ఆ రోజు నీళ్ళు బాగా కిందుంటాయండి. కార్లూ బస్సులూ దర్జాగా వచ్చేస్తాయి. ఏంటండీ విశేషం? పెళ్ళెవరిది?"

రామకృష్ణగారు నోరు తెరిచేలోపే జయదేవ్ ఫోన్ మీదకి వంగి అరిచాడు.

"మాదేనయ్యా!"