బీరప్ప ముడి

చైనాతో యుద్ధం ముగిసిన మరుసటి ఏడు హైస్కూళ్లలో కొత్త మోజు ఒకటి మొదలైంది. పిల్లలంతా ప్రథమ చికిత్స నేర్చుకోవాలట. బాంబులు పడితే జనాన్ని కాపాడాలట. పాలమూరు జిల్లాలో వాన చుక్కే సరిగ్గా పడదు, బాంబు ఎందుకు పడుతుందో ఎవరికీ అంతుబట్టలేదు. అయినా సర్కారు చెప్పింది కాబట్టి, కొత్తకోట దగ్గరి ఒక బడిలో శనివారం సాయంత్రాలు పై తరగతి పిల్లలను మైదానంలో కూర్చోబెట్టి, దవాఖాన కంపౌండరు ఏసోబు కట్లు కట్టడం నేర్పేవాడు.

ఏసోబుకు కోపం ముక్కు మీదే ఉండేది. తలకు కట్టమంటే మూతికి కట్టిన వాడి చెవి మెలిపెట్టేవాడు. ఆయన చేత తిట్లు తినని వాడు భిక్షం ఒక్కడే. గొర్రెలు కాసే కురుమల ఇంట్లో పుట్టి, ఉన్ని దారంతో ఆడుకుంటూ పెరిగిన పిల్లవాడు. ఏ గుడ్డ ఇచ్చినా వాడి వేళ్లు దాన్ని చెప్పినట్టు చుట్టేవి.

“కట్టుడు గొప్ప గాదుర,” అనేవాడు ఏసోబు. “కట్టినంక గోరు ఒత్తి సూడాలె. ఒత్తితె తెల్లగైతది, ఇడిస్తె ఎర్రగ రావాలె. రాలేదనుకో, నెత్తురు పోతలేదన్నట్టు. అప్పుడు అడ్డమొచ్చింది ఎవ్వలైనా సరే, కట్టు వదులు చెయ్యాలె. లేకుంటె మనిషి బతికే ఉంటడు గని చెయ్యి సస్తది.”

మనిషి బతికుండగా చెయ్యి ఎట్లా చస్తుందని పిల్లలు కిసుక్కున నవ్వారు. భిక్షం కూడా నవ్వాడు. పదహారేళ్ల వయసులో చెయ్యి అంటే ఎప్పుడూ ఉండేదే కదా.

వాళ్ల ఊరు బడికి నాలుగు మైళ్లు. తండ్రి సాయిలు మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయాడు, వానలు పడేదాకా రాడు. అన్ని నెలలూ ఇల్లు నడిచేది తల్లి గుర్వమ్మ చేతి మీద. ఆమె కదురు తిప్పితే దారం ఎక్కడా లావూ సన్నమూ కాకుండా వచ్చేది. గొంగళ్లు నేసేవాళ్లు మక్తల్ దాకా ఆమె దారమే కావాలని అడిగేవాళ్లు. పిల్లలను తిట్టేటప్పుడూ, నిద్ర ముంచుకొస్తున్నప్పుడూ కూడా ఆ కుడిచెయ్యి కదురును వదిలేది కాదు.

ఒక ఆదివారం పొద్దున, కులదేవుడు బీరప్ప పండక్కని మేపుతున్న పొట్టేలుకు గుర్వమ్మ కుడితి పెట్టబోయింది. దానికి ఏమి తిక్క పుట్టిందో వెనక్కి జరిగి ఒక్క ఉరుకున కుమ్మింది. ఆమె వెళ్లి రోలు మీద పడింది. లేచేసరికి కుడి ముంజేయి నడుమ వంగి ఉంది.

ఇల్లంతా గొల్లుమంది. భిక్షం మాత్రం ఏడవలేదు. వెదురు దబ్బలు చీల్చాడు, వాటికి మెత్తగా ఉన్ని చుట్టాడు, తండ్రి పాత ధోతి చింపి కట్టు కట్టాడు, మిగిలిన గుడ్డతో చెయ్యిని మెడకు వేలాడదీశాడు. గోరు ఒత్తి చూశాడు. తెల్లబడి, వెంటనే ఎర్రబడింది. చుట్టూ చేరిన ఆడవాళ్లు నోళ్లు తెరిచి చూశారు.

“ఏందే గుర్వమ్మా, కొడుకు డాక్టరైండు, నీకింక ఫికరేంది?” అన్నాడు పక్కింటి పోచయ్య.

అంత నొప్పిలోనూ గుర్వమ్మ నవ్వింది. భిక్షానికి ఛాతీ ఉబ్బింది. తల్లి చెయ్యి విరిగిన రోజున సంతోషపడ్డానే అని తరువాత ఎంత కుమిలాడో గానీ, ఆ క్షణాన మాత్రం వాడంత సంతోషంగా ఉన్నవాడు ఊళ్లో లేడు.

పోచయ్య బండి ఇస్తానన్నాడు. ఎడ్లు చెలక దగ్గరున్నాయి. భిక్షం వాటిని తోలుకు రావడానికి పరుగెత్తాడు. వచ్చేసరికి వాడు కట్టిన కట్టు లేదు. ధోతి పేలికలు నేల మీద పడి ఉన్నాయి.

భిక్షం పెదనాన్న గోపయ్య అరుగు మీద కూర్చుని చేతులు కడుక్కుంటున్నాడు. తమ్ముడు ఊళ్లో లేనప్పుడు ఇంటికి పెద్ద ఆయనే. గొర్రెకు కాలు విరిగితే ఊరంతా ఆయన దగ్గరికే తెచ్చేది. తడిపిన ఉన్ని తాడును బిర్రుగా చుట్టి, పైన బండారి పసుపు రాసి, బీరప్ప పేరు తలచి ముడి వేస్తాడు. ఆ ముడిని వేసినవాడే విప్పాలి, అదీ బొక్క అతుకుకున్నాకే. నడుమ ఇంకొకరు చెయ్యి పెడితే దేవుడికి కోపం వచ్చి మంద మీద పడుతుందని వాళ్లకు గట్టి నమ్మకం. ఇప్పుడు గుర్వమ్మ చేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా అదే తాడు, పసుపు పచ్చగా, వేలు దూరే సందు లేకుండా.

“నీ కట్టు తలపాగ లెక్క ఊగుతాంది బిడ్డా,” అన్నాడు గోపయ్య ప్రేమగానే. “గట్ల కడితె బొక్క నిలుస్తదా? నేను కట్టిన గొర్రె ఒక్కటన్న కుంటుతాందా సూడు.”

నిజమే, ఏదీ కుంటలేదు. కానీ గొర్రె కాలంటే బొక్కా తోలూ. మనిషి చేతికి కండ ఉంటుంది, దెబ్బ తగిలితే వాస్తుంది. వాచేదానికి చోటు లేకపోతే ఏమవుతుందో ఆ ఇంట్లో తెలిసినవాడు భిక్షం ఒక్కడే.

దవాఖానకు తీసుకుపోలేదన్న మాట తమ్ముడి దగ్గర రాకూడదని గోపయ్యా బండెక్కాడు. బండి ఊరు దాటేసరికి గుర్వమ్మ పళ్లు కొరుక్కుంటూ మూలగసాగింది. భిక్షం ఆమె బొటనవేలి గోరు ఒత్తాడు. తెల్లబడింది. తెల్లగానే ఉండిపోయింది. మళ్లీ ఒత్తాడు. ఎరుపు రాలేదు.

“పెద్దనాయినా, జర వదులు చెయ్యి. నెత్తురు పోతలేదు.”

“నొప్పి పుడితెనే బొక్క అతుకుతాందని గుర్తు,” అన్నాడు గోపయ్య. “ముట్టకు.”

“చెయ్యి సస్తదట పెద్దనాయినా! కంపౌండరు సారు చెప్పిండు.”

“చెయ్యి సచ్చుడేందిర, పాడు మాటలు! దేవుని ముడి అది.”

కొత్తకోట రోడ్డు మీద బండి దిగారు. ఆదివారం, దవాఖాన మూసి ఉంది. భిక్షం ఏసోబు ఇంటికి ఉరికాడు. మక్తల్‌లో చుట్టాల పెళ్లికి పోయాడని పక్కింటివాళ్లు చెప్పారు. పాలమూరు పోయే బస్సు సాయంత్రం గానీ లేదు. ముగ్గురూ వేపచెట్టు కింద కూర్చున్నారు. ఎండ మండుతోంది. వేళ్లు ఉబ్బి నీలంగా మారాయి.

భిక్షం జేబులో పెన్సిలు చెక్కుకునే చాకు ఉంది. గోపయ్య మంచినీళ్లకని హోటలు వైపు పోగానే వాడు దాన్ని తెరిచాడు. తాడు కిందికి మొన దూర్చబోతుంటే గుర్వమ్మ ఎడమ చేత్తో వాడి మణికట్టు పట్టుకుంది.

“వద్దు కొడుకా. మీ నాయిన మందతోని యాడున్నడో ఏమో. గొర్లకు రోగం తగిలితె మనం బతుకుతమా? వద్దు, నా మాట ఇను.”

“అమ్మా, చెయ్యి పోతదే.”

“ఏం పోదు. నా మీద ఒట్టు, ముట్టకు.”

పట్టుకున్నది విరగని చెయ్యే అయినా అందులో బలం లేదు. ఒక్కసారి విదిలించుకుంటే వదిలిపోయేది. తాడు తెంచడానికి రెప్పపాటు చాలు. భిక్షానికి ఆ రెండూ తెలుసు. చాకు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చాలాసేపటి తరువాత గుర్వమ్మ మొహం తేటపడింది. “నొప్పి తగ్గిందిర. ఏం తెలుస్తలేదు,” అంది.

“సూసినవా?” అన్నాడు గోపయ్య.

నొప్పి తెలియకపోవడం మంచిది కాదని కూడా ఏసోబు చెప్పాడు. భిక్షం లేచి బస్సు వచ్చే దిక్కుకు పోయి నిలబడ్డాడు.

పాలమూరు పెద్ద దవాఖానకు చేరేసరికి దీపాలు పెట్టారు. గుమ్మం దగ్గరే గోపయ్య చేతులు జోడించాడు. చదువుకున్నవాళ్లమని తెలిస్తే బాగా చూస్తారని అనుకున్నాడు పాపం. “మా పిలగాడు బడిల దవాఖాన పని నేర్సిండు సారూ. గీ కట్టు వాడే కట్టిండు. జర మంచిగ సూడుండ్రి.”

కోస్తా నుంచి వచ్చిన డాక్టరు కత్తెరతో తాడు తెంచాడు. కింద కనిపించిన చర్మాన్ని చూసి సూది అందుకున్నాడు. వేళ్లను గుచ్చి చూశాడు. గుర్వమ్మ అటు కప్పు వైపు చూస్తూనే ఉంది. ఆమెకు గుచ్చినట్టే తెలియలేదు.

“నువ్వేనా కట్టింది?” డాక్టరు భిక్షం వైపు తిరిగాడు. “ఎవడు నేర్పాడ్రా నీకు? దారిలో ఒక్కసారి వదులు చేసుంటే చెయ్యి దక్కేది కదరా!”

భిక్షం పెదనాన్న వైపు చూశాడు. గోపయ్య నేల చూశాడు. ఆయన మంచివాడే, ఆ రాత్రంతా వరండాలో కూర్చుని ఏడ్చాడు కూడా. కానీ నోరు మాత్రం విప్పలేదు. భిక్షమూ విప్పలేదు. ముడి వేసింది తను కాదు. విప్పనిది మాత్రం తనే కదా.

మరునాడు గుర్వమ్మ చెయ్యి మోచేతి కిందికి తీసేశారు.

డాక్టరు అన్న మాటే ఊళ్లోనూ నిలిచి, ఆ కట్టుకు బడికట్టు అని పేరు పడింది. ఆ మాట బస్సులెక్కి బడికీ చేరింది. శనివారం పాఠాలు ఆగిపోయాయి. ఏసోబు దారిలో ఎదురైతే భిక్షం ఆగాడు గానీ, ఆయన సైకిలు ఆపలేదు.

తొలకరికి సాయిలు మందతో వచ్చాడు. మందకు ఏ రోగమూ రాలేదు. పెళ్లాం చెయ్యి చూసి, ఊరు చెప్పింది విని, కట్టె పట్టుకుని కొడుకు మీదికి పోయాడు. రెండు దెబ్బలు పడ్డాక గుర్వమ్మ అడ్డం వచ్చింది.

“కట్టె కింద పారెయ్యి. ముడి ఏసింది మీ అన్న.”

సాయిలు చెయ్యి వాలిపోయింది. అన్న ఇంటివైపు చూశాడు, మంద దగ్గరికి వెళ్లిపోయాడు.

భిక్షం వీపు మంటగా ఉన్నా గుండెలోంచి బరువు దిగినట్టయింది. ఇన్నాళ్లకు ఎవరో ఒకరు నిజం చెప్పారు. తల్లి పక్కన కూర్చుని జొన్నరొట్టె తుంచి, పప్పులో అద్ది నోటికి అందించబోయాడు. ఆమె నోరు తెరవలేదు.

“గా దినం చెయ్యి పోతదని నీకు గట్టిగ ఎరుకేనా?”

“ఎరుకే.”

“మరెందుకు ఇప్పలే?”

“నువ్వే వద్దంటివి గదమ్మా.”

గుర్వమ్మ కళ్ల నిండా నీళ్లు తిరిగాయి.

“నేను అంటి. బడికి పోవద్దని గూడ అంటి, పోతివి. మీ నాయిన ఎంబడి మందకు పొమ్మని కాళ్లు పట్టుకుంటి, పోకపోతివి. తిండి మానేసి గోడదిక్కు తిరిగి పండుకుంటివి గని నా మాట ఇనకపోతివి. పుట్టినకాడికెల్లి ఎన్నడు ఇన్నవుర నా మాట? గా ఒక్క దినమే ఎందుకు ఇన్నవు కొడుకా?”