లావెండర్ అడుగున పునుగు

ముక్కు ఉంటేనే నా బతుకు. గొప్పకు అంటున్న మాట కాదు. పెదకాకానిలో మా ఇంటి ముందుగదే అత్తర్ల కొట్టు. గుంటూరు నుంచి కూడా జనం వస్తారంటే సరుకు చూసి కాదు, "బుడాన్ వాసన చూశాడా? అయితే అసలుదే" అన్న మాట మీద. పరుపులకు దూదేకిన మనిషి కొడుక్కి ఆ పేరు రావడానికి పాతికేళ్లు పట్టింది.

అలాంటివాణ్ణి, మొన్న గురువారం పొద్దున ఒక సీసా ముందు కూర్చుని వణికిపోయాను.

ఆ సీసా తెచ్చింది శ్యామ్ సుందర్ మాస్టారు. దర్శిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లుగా ఆదివారం చర్చికి ఒకే సెంటు, ఫ్రెంచివాళ్ల పాత లావెండర్, కొట్టుకుని వెళతారు. ఈసారి ఒంగోలులో కొత్తగా కొట్టు పెట్టిన ఒకాయన దగ్గర కొన్నారట.

"ఏదో తేడాగా ఉంది బుడాన్. వయసొచ్చి నాకే అలా అనిపిస్తుందో, అతనే నకిలీ అంటగట్టాడో. నువ్వు నకిలీ అన్నావంటే రేపే కంప్లయింట్ ఇస్తా."

"అదెంత పని మాస్టారూ. వాసన చూసి ఫోన్ చేస్తా, మీరెళ్లండి" అన్నాను.

ఆ సెంటు నాకు బాగా తెలుసు. చాలామందికి నచ్చదు. కొట్టుకోగానే లావెండర్ చల్లగా, అప్పుడే గడ్డం గీయించుకున్న పెద్దమనిషిలా ఉంటుంది. పావుగంట ఆగితే అడుగు నుంచి పునుగు, అదే పునుగుపిల్లి తైలం, లేస్తుంది. దాచుకోవడమెందుకు, అది కాస్త మగ జంతువు కంపే. రెండూ కాసేపు పోట్లాడుకుని, గంటకల్లా రాజీపడి, ఒంటి వేడిలో కలిసిపోతాయి. పునుగు లేకపోతే అది సెంటు కాదు, సబ్బు. నకిలీ చేసేవాళ్లకు చేతకానిది అదే.

మణికట్టు మీద కొట్టుకున్నాను. రుద్దకుండా ఆరనిచ్చి వాసన చూశాను. ఏమీ లేదు. పావుగంట ఆగాను. లావెండరే రానప్పుడు ఇక పునుగెక్కడిది? చొక్కా మీద కూడా బాగా కొట్టుకున్నాను. నీళ్లు చల్లుకున్నట్టే ఉంది.

పోయిన నెల జ్వరం వచ్చినప్పటి నుంచి లోపల ఒక అనుమానం తొలుస్తోంది. నా భార్య జుబేదా ఏం వండినా చప్పగా ఉందని కేకలేస్తున్నాను. కొట్లో సీసాల మీద పేర్లు చదివి అమ్ముతున్నాను. జలుబు ఇంకా వదల్లేదని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

మా వైపు ముక్కుకు పరీక్ష పెట్టడానికి దూరం పోనక్కర్లేదు. వంటింట్లో మిల్లుకు పంపడానికి ఉంచిన ఎండుమిరపకాయలు నాలుగు తీసి, నలిపి, గట్టిగా పీల్చాను. నషాళానికి అంటింది. వరసగా ఏడు తుమ్ములు, కళ్ల వెంట ధారలు. ప్రాణం లేచొచ్చింది. ముక్కు నిక్షేపంగా ఉంది, తప్పు సీసాదే! వెంటనే మాస్టారికి ఫోన్ చేశాను.

"పచ్చి నకిలీ మాస్టారూ. పునుగు సంగతి దేవుడెరుగు, లావెండరే లేదు. అతన్ని వదలొద్దు."

ఫోన్ పెట్టేసేసరికి జుబేదా కూరగాయల సంచితో బజారు నుంచి వచ్చింది. గుమ్మంలోనే ఆగి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందయ్యా ఈ కంపు? మంగలిషాపులో పిల్లి దూరినట్టు!"

చుట్టూ చూశాను. "ఎక్కడ?"

"నీ చొక్కా మీదేగా. నీకు రావట్లా?"

"ఇప్పుడే మిరపకాయ పీల్చి తుమ్మాను గదే!" అన్నాను.

"మిరపకాయది మంటయ్యా, వాసన కాదు. కంట్లో పడ్డా మండుద్ది. కన్ను వాసన చూసుద్దా?"

ఆమె నవ్వుతూ వంటింట్లోకి పోయింది. నేను సీసాల మీద పడ్డాను. గులాబీ, మల్లె, కస్తూరి, వట్టివేరు. మూతలు తీసి ముక్కుకు ఆనించాను. అన్నీ నీళ్లే. తొందరలో వట్టివేరు ఒలికిపోతే, వంగి నేలకే ముక్కు ఆనించాను. అంత భయం నా జన్మలో ఎరగను. పాతికేళ్ల పేరు పోతుందన్నది ఒకటి. లోకం నన్ను బయట పెట్టి తలుపేసుకుందన్నది ఇంకా పెద్దది.

అప్పుడు ఒంగోలు ఆయన గుర్తొచ్చాడు. నా మాటతో రేపు ఆయన పేరు బజారున పడుతుంది. నేను నోరు మూసుకుంటే నా పేరు ఇంకో నెలో, రెండు నెలలో నిలుస్తుంది. మూసుకుందామనే అనిపించింది, అబద్ధమెందుకు చెప్పాలి. ఫోన్ రెండుసార్లు తీసి రెండుసార్లూ పెట్టేశాను. మూడోసారి చేశాను.

"మాస్టారూ, సీసా అసలుదే. పోయింది నా ముక్కు."

"ఎప్పట్నుంచి?"

"జ్వరం వచ్చిన కాడ్నుంచండి. ఎవరికీ చెప్పలేదు."

"అయితే తేడా సీసాలో కాదు, నాలోనూ నీలోనూ అన్నమాట. డాక్టరుకు చూపించుకో బుడాన్" అని పెట్టేశారు.

తిరిగి చూస్తే వంటింటి గుమ్మంలో జుబేదా. అంతా విన్నది. వచ్చి నా పక్కన నేల మీద కూలబడి, నా తలను భుజానికి ఆనించుకుంది.

"నెల రోజులు నీలో నువ్వే కుమిలిపోయావా? భయపడబాక. నేనున్నా గదా."

ఆమె మెడ దగ్గర ముఖం పెట్టి గుండెల నిండా గాలి పీల్చాను. కొబ్బరినూనె, చెమట, వాటి వెనక ఇరవై ఎనిమిదేళ్లుగా నేను పేరు పెట్టని ఆమె వాసన. ఒక్కటీ లేదు.

"కళ్లు మూసుకుంటే నువ్వున్నావని తెలియట్లేదు జుబేదా" అన్నాను.