రెండు నిమిషాల పెట్రోలు

మధుది నోటితో బతికే కొలువు. హయత్‌నగర్ డిపోలో కండక్టరు. పొద్దున డ్యూటీ ఎక్కింది మొదలు దిగేదాకా ‘ముందుకు జరుగున్రి, మధ్యల అంత ఖాళీనే ఉన్నది’ అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయిన మనిషి. వాడి నోట్లో నువ్వుగింజ నానదని డిపోలో అందరూ ఆటపట్టిస్తారు. అలాంటివాడు ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిన ఒకే ఒక్క మాటను మింగి కూర్చున్నాడు. ఆ నోటికి ఏం రోగమొచ్చిందో ఏమో!

ప్రత్యేక తెలంగాణ కోసం మొదలైన సకల జనుల సమ్మెకు నెల నిండింది. బస్సులు డిపోలోంచి కదలడం లేదు. సింగరేణిలో బొగ్గు తీసేవాళ్లు గనుల్లోకి దిగడం లేదు. బొగ్గు లేక కరెంటు కోతలు మొదలయ్యాయి. రెండు గంటలని చెప్పి నాలుగు గంటలు తీస్తున్నారు. డిపో ముందు వేసిన టెంటులో మధు ఈ కోతల గురించి గొప్పగా చెప్పుకునేవాడు. ‘సూశిన్రా, మనం చెయ్యి తీస్తే ఢిల్లీల కూడ కరెంటు బుగ్గ వెలగది’ అనేవాడు. తీరా మన్సూరాబాద్‌లో తన ఇంటికి వెళ్లేసరికి తండ్రి ముక్కుకు పెట్టిన గొట్టం చూసి నోరు మూతపడేది.

తండ్రి మట్టయ్య ముప్పై ఏళ్లు బాటసింగారం అవతల కంకర మిషన్‌లో పనిచేశాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. మంచం పక్కన సూట్‌కేసంత ఆక్సిజన్ మిషన్ ఉంటుంది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి సన్న గొట్టంలోంచి ముక్కుకు పంపుతుంది. అది నడిస్తే మట్టయ్య నాలుగు మాటలు మాట్లాడతాడు, రెండు ముద్దలు తింటాడు. ఆగితే పావుగంటలో పెదాలు నల్లబడతాయి. కరెంటు పోయినప్పుడు వాడుకోవడానికి మూలన చిన్న సిలిండరు ఒకటి ఉన్నా, అది గంటన్నరకు మించి రాదు. బందుల వల్ల నింపి తెచ్చేవాళ్లు కూడా సరిగ్గా రావడం లేదు. ఇన్వర్టరు పెడదామంటే, ఇంత కోతలో బ్యాటరీకి చార్జింగు ఎక్కడిది?

అందుకే మధు జనరేటరు కొనడానికి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాడు. జీతం లేని నెల. యాదలక్ష్మి మారుమాట లేకుండా చెవుల కమ్మలు తీసి మొగుడి చేతిలో పెట్టింది.

దుకాణం సాంబమూర్తి అనే ఆయనది. తెనాలి వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది. సమ్మెకు భయపడి షట్టరు సగమే ఎత్తి కూర్చున్నాడు. మధు వంగి లోపలికి దూరి, ఏం కావాలో చెప్పాడు. సాంబమూర్తి ధర చెప్పకుండా ముందు ఇంటి సంగతులు అడిగాడు. ఏ మిషన్ నడవాలి, ఎన్ని వాట్లు, ఇంట్లో ఎవరెవరుంటారు, తాడు లాగేదెవరు అని.

“అమ్మ, నా భార్య ఉంటరు. నేను ధర్నాల పొంటి తిరుగుతుంట” అన్నాడు మధు.

“అయితే బాబూ, ఇది చూడండి” అని సాంబమూర్తి ఒక మిషన్ మీద చెయ్యి వేశాడు. “పెట్రోలుతోనూ నడుస్తుంది, వంట గ్యాసుతోనూ నడుస్తుంది. పెట్రోలు దొరక్కపోయినా బెంగ లేదు. గ్యాసు తిప్పి తాడు లాగితే చాలండి, ఆడవాళ్లయినా నడుపుకుంటారు. ఆ పక్కనున్నది పెట్రోలు, కిరసనాయిలుది. రేటు తక్కువే. కాకపోతే దాంతో ఒక తిరకాసుందండీ. కిరసనాయిలుతో మొదలవ్వదు. ముందు ఈ చిన్న ట్యాంకులో పెట్రోలు పోసి స్టార్ట్ చెయ్యాలి. రెండు నిమిషాలు వేడెక్కాక ఈ కాక్ తిప్పితే అప్పుడు కిరసనాయిలు అందుకుంటుంది. చల్లారాక మళ్లీ స్టార్ట్ చెయ్యాలంటే మళ్లీ పెట్రోలే. చెంచాడు పెట్రోలు లేకపోయినా అది ఉత్త ఇనప ముక్కేనండి.”

“మా ఇంట్ల గ్యాస్ బండ ఒక్కటే. బుక్ చేస్తే నెలకు గూడ వస్తలేదు.”

“మీకు రెండోది దొరికేదాకా మా ఇంట్లోది పట్టుకెళ్లండి. ఊపిరి కోసం కొంటున్నారు కదా బాబూ.”

అక్కడే మధుకు తేడా కొట్టింది. వేరే రోజుల్లో అయితే ఆ మాటకు దండం పెట్టేవాడు. కానీ నెల రోజులుగా టెంటులో విన్న మాటలన్నీ చెవుల్లో మోగుతున్నాయి. వ్యాపారి ఊరకే బండ ఇస్తాడా? అదీ ఆంధ్రాయన, అదీ ఈ సమ్మెలో, ముక్కూ మొహం తెలియని కండక్టరుకు? ఎక్కువ రేటుది అంటగట్టడానికే ఈ ప్రేమంతా అనుకున్నాడు. కిరసనాయిలుదే కావాలన్నాడు. రేషన్ కార్డు మీద అమ్మ తెచ్చి దాచిన కిరసనాయిలు పది లీటర్లు ఇంట్లో ఉండనే ఉంది.

సాంబమూర్తి నిట్టూర్చి మిషన్‌ను సర్వీస్ ఆటోలోకి ఎక్కించాడు. ఎక్కించాక కూడా వదల్లేదు. “ఇంట్లోవాళ్లందరికీ చెప్పండి బాబూ, పెట్రోలు సంగతి. మిషన్ బయటే పెట్టండి, పొగ లోపలికి రానివ్వకండి.” 

మధు రెండో మాట విన్నాడు. మిషన్‌ను పెరట్లో, కిటికీలకు దూరంగా రేకు కింద పెట్టాడు. మొదటి మాటే లోపల దాచుకున్నాడు. ఎందుకంటే మంచం మీది నుంచి మట్టయ్య మొట్టమొదట అడిగింది అదే.

“పెట్రోల్‌దా బిడ్డా? బంకులన్ని బందున్నయి గదా. యాడికెళ్లి తెస్తవ్?”

“కిరసనాయిలుతోటే నడుస్తది నాయినా! పెట్రోల్ జరూరతే లేదు” అన్నాడు మధు. “గా దుకాణపాయన ఎక్కువ రేటుది అంటగట్టాలని సూశిండు. నేను పడ్తనా?”

తండ్రి నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చేది, అయినా నవ్వాడు. “నా కొడుకు ఉషారు” అని భార్య సైదమ్మతో అన్నాడు. ఇక ఆ తర్వాత తిరకాసు సంగతి ఎలా చెబుతాడు? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని వాయిదా వేశాడు. తన బైకు ట్యాంకులోంచి పెట్రోలంతా తీసి ఒక నీళ్ల సీసాలో పోసి వంటింటి గూట్లో పెట్టాడు. ఎవరైనా తాగుతారేమోనని సైదమ్మ దాని మెడకు ఎర్రదారం కట్టింది. కరెంటు పోయిన ప్రతిసారీ మధే పెరట్లోకి వెళ్లి, చిన్న ట్యాంకులో కాస్త పోసి తాడు లాగేవాడు. “గదేందయ్యా పోస్తున్నవ్?” అని యాదలక్ష్మి అడిగితే, “ఇంజన్ సాఫ్ చేసేతందుకు” అన్నాడు. “నాకు జర నేర్పరాదు, నువ్వు లేనప్పుడు పోతే ఎట్ల?” అంటే, “నేనుంట గదనే” అన్నాడు. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకో రెండు అబద్ధాలు కావాల్సి వచ్చాయి.

వారం రోజులు మిషన్ బంగారంలా నడిచింది.

ఎనిమిదో రోజు ఎల్బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో. ముందు రోజు సాయంత్రమే చిన్న ఆక్సిజన్ సిలిండరు అయిపోయింది. రాత్రి వస్తానన్న సిలిండరు బండి రాలేదు. పొద్దున కోతలో జనరేటరు స్టార్ట్ చేసేసరికి చిన్న ట్యాంకు కూడా ఖాళీ అయింది. గూట్లో సీసా నిండా ఉంది కదా, మధ్యాహ్నం కోత రెండు గంటలకు కదా, ఒంటిగంటకల్లా వచ్చి పోస్తానులే అనుకొని మధు చౌరస్తాకు నడిచి వెళ్లాడు.

చౌరస్తా నిండా జనం. డప్పులు, నినాదాలు. ఒక పక్క రోడ్డు మీదే రాళ్లు పెట్టి వంటలు. మాట తప్పిన ఢిల్లీ మంత్రి అని గడ్డితో బొమ్మ చేసి, పాత ప్యాంటు చొక్కా తొడిగి పాడె మీద పడుకోబెట్టారు. శవయాత్ర చేసి నడిమధ్య దింపారు. మధు గొంతు పెద్దది కాబట్టి నినాదాలు వాడే ఇస్తున్నాడు. జై తెలంగాణ అంటుంటే వాడి కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి.

“అన్నా, నువ్వే అంటువెట్టాలె” అని కాలనీ జేఏసీలో తిరిగే ఆటో డ్రైవరు సీతారాములు ఒక సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. జనం ఈలలు వేశారు. మధు మూత తిప్పి బొమ్మ తల మీది నుంచి కాళ్ల దాకా కుమ్మరించాడు. ఆఖరి చుక్క దాకా విదిలించాడు. ఎవరో అగ్గిపుల్ల గీశారు. బొమ్మ భగ్గుమంది.

వేడికి రెండడుగులు వెనక్కి వేసి, అప్పుడు చేతిలోని సీసా చూశాడు. మెడకు ఎర్రదారం.

“సీతారాములూ, గిది యాడిదిరా?”

“మీ ఇంట్లదే అన్నా. బంకులు బందు, నాది గ్యాస్ ఆటో. మీ ఇంట్ల ఉంటదేమోనని పోయిన. పెద్దమ్మ ఇయ్యనన్నది. పెద్దాయనే ‘మా మిషన్‌కు కిరసనాయిలే, గా పెట్రోల్‌తోటి మాకేం పని, తెలంగాణకన్న పనికొస్తది తీస్కపో’ అన్నడు.”

మధు జేబులోంచి ఫోను తీశాడు. యాదలక్ష్మి పేరు మీద పదకొండు మిస్డ్ కాల్స్. డప్పుల మోతలో ఒక్కటీ వినిపించలేదు. మొదటిది పన్నెండుంబావుకు. రెండు గంటలకు పోవాల్సిన కరెంటు ఆ రోజు పన్నెండుకే పోయింది. ఇప్పుడు ఒంటిగంట. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు.

పరుగెత్తాడు. రెండు కిలోమీటర్లు. బస్సు లేదు, ఆటో లేదు. ఏదీ నడవకూడదని నెల రోజులుగా గొంతు చించుకున్నది తనే. దారి పొడవునా తెలిసినవాళ్లు “జై తెలంగాణ అన్నా” అని చెయ్యి ఎత్తుతుంటే వాళ్ల మధ్యలోంచే దూసుకుపోయాడు. చేతికి పెట్రోలు వాసన. దేవుడా, ఇంకొక్క పావుగంట ఆపు, అందరి ముందూ ముక్కు నేలకు రాస్తా అని మొక్కుకున్నాడు.

గల్లీ మొదట్లోకి రాగానే జనరేటరు మోత వినిపించింది. 

మధుకు ప్రాణం లేచొచ్చింది. నడుస్తోంది! ఎలా నడిచిందో తర్వాత చూడొచ్చు, ముందైతే నడుస్తోంది. పరుగు ఆపి, గోడ పట్టుకొని, రెండుసార్లు ఊపిరి పీల్చి ఇంట్లోకి వెళ్లాడు.

ఆక్సిజన్ మిషన్ బుసబుసమంటూ పనిచేస్తోంది. గొట్టం మట్టయ్య ముక్కుకే ఉంది. గొట్టంలో గాలి వస్తోంది, పీల్చే మనిషి లేడు. 

సైదమ్మ మొగుడి పాదాలు ఒళ్లో పెట్టుకొని రుద్దుతోంది. ఇంకా వెచ్చబడతాయన్నట్టు రుద్దుతూనే ఉంది. యాదలక్ష్మి రెండు అరచేతులూ తాడు లాగి లాగి చర్మం ఊడి ఎర్రగా ఉన్నాయి. గడప దగ్గర పక్కింటి భానుమూర్తి చేతిలో రబ్బరు పైపుతో నిలబడి ఉన్నాడు. ఆయనది గుంటూరు. సమ్మె మొదలైనప్పటి నుంచి ఇంటి గేటుకు తాళం వేసుకొని ఉంటున్నాడు.

“అమ్మాయి గేటు కొడుతుంటే ఊరేగింపు వాళ్లేమోనని తియ్యలేదండీ” అన్నాడు. “గొంతు గుర్తుపట్టి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఇలాంటి మిషన్ మా ఊళ్లో చూశాను. పెట్రోలు లేకపోతే అది ఎత్తుకోదు. మా స్కూటర్లోంచి తీసి పోశాను. ఒక్క లాగుడుకే అందుకుందండీ. కానీ ఆయన అప్పటికే...”

రాస్తారోకో తప్పించుకొని అంబులెన్సు చుట్టూ తిరిగి వచ్చి, చూసి, చెప్పాల్సింది చెప్పి వెళ్లిపోయింది. సీతారాములు, చౌరస్తా నుంచి వచ్చినవాళ్లు గుమ్మం ముందు గుమిగూడారు. సైదమ్మ అప్పుడు ఏడ్చింది. “నేనే ఇచ్చిన బిడ్డా! గీ చేతులతోటే గూట్లకెళ్లి తీసిచ్చిన. ఇయ్యనంటే మీ నాయిన కోపం చేసిండు. ట్యాంకుల నిండ కిరసనాయిలున్నది గదా అన్నడు.” తడి కళ్లతో కొడుకు ముఖంలోకి చూసింది. “ఔ మధూ, పెట్రోల్ లేకుంటే మొదలే కాదంట గదా గది. గా దుకాణపాయన నీకు చెప్పలేదా?”

“ఎందుకు చెప్తడు పెద్దమ్మా?” అని సీతారాములు అందుకున్నాడు. “ఆంధ్రోళ్లు గట్లనే అమ్ముతరు, గట్లనే సంపుతరు. రేపు పోదాం పటు. వాని షట్టరు ఎట్ల లేస్తదో నేను సూస్త.”

గుమ్మం ముందున్నవాళ్లు అవునవునన్నారు. భానుమూర్తి తల దించుకొని, పైపు చుట్టుకుంటూ గోడ వారకు జరిగాడు.

‘చెప్పలేదు’ అంటే చాలు. ఒక్క మాట. ఆ ఒక్క మాటతో ఈ బరువంతా కాలనీ జనమే మోసుకెళ్లి దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ సగం ఎత్తిన షట్టరు ముందు దించేస్తారు. తల్లి కూడా నమ్ముతుంది. పెళ్లామూ నమ్ముతుంది. మధు నాలుక చివరి దాకా వచ్చింది ఆ మాట. తండ్రి ముఖం వైపు చూశాడు. 

“చెప్పిండమ్మా” అన్నాడు. “రెండుసార్లు చెప్పిండు. ఇంట్ల అందరికి చెప్పమన్నడు. గ్యాస్‌ది తీస్కో, మా ఇంట్ల బండ ఇస్త అన్నడు. నేనే ఇనలే. నేనే మీకు చెప్పలే.”

సీతారాములు చెప్పుల వైపు చూసుకున్నాడు. సైదమ్మ చేతులు మొగుడి పాదాల మీద ఆగిపోయాయి.

“ఒక్క మాట బిడ్డా” అంది. “పొద్దంత బస్సుల ఎవలెవలికో చెప్తవు. నాకు ఒక్క మాట చెప్తే ఏం పోతుండె?”

మధు ఖాళీ సీసాతో అలాగే నిలబడ్డాడు. పెరట్లో జనరేటరు కిరసనాయిలు పొగ కక్కుతూ నడుస్తూనే ఉంది. ఆక్సిజన్ మిషన్ శవానికి ఊపిరి పోస్తూనే ఉంది. యాదలక్ష్మి లేచి, చేతులు కొంగుకు తుడుచుకొని, పెరటి గడప దాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరిగి మొగుడి వంక చూసింది. ఆ కళ్లల్లో ఏడుపు లేదు.

“దీన్ని బంజేసుడు ఎట్లనో, గదన్న చెప్పు” అంది.

జవాబు కోసం గడప దగ్గరే నిలబడింది.