రోడ్డు తెరిచిన రోజు

ఈ ప్రయాణం రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ తుఫానే. కొండ మీద రోడ్డుకు అడ్డుగేటు దించేశారు. ఆసుపత్రుల బోర్డు వాళ్ళు ఫోన్ చేసి, "ఇలాంటి వాతావరణంలో మనుషుల్ని ఎక్కించుకుని వెళ్తామా ఒడ్నీ, బాధ్యత ఉండొద్దూ?" అన్నారు. సరేనన్నాను. ఇంకేమంటాను?

మా లోయలో కాన్పుల గదులు మూసేసి రెండేళ్ళయింది. నెలలు నిండిన ఆడవాళ్ళు కొండ దాటి, అవతల ఫియోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న పెద్దాసుపత్రికి పోవాలి. ఆ గదులు మళ్ళీ తెరవడమా, తాళం శాశ్వతమా అన్నది బోర్డు గురువారం తేలుస్తుంది. తేల్చేముందు ఒక్కసారి ఆ రోడ్డు మీద ప్రయాణం చేయండని మా కమిటీ పట్టుబట్టింది. కాగడాలు పట్టుకుని ఊరేగాం, మంత్రి కారుకు అడ్డం పడుకున్నాం. చివరికి దక్కింది ఈ బస్సు ప్రయాణం.

మూడోసారి బయల్దేరిన పొద్దున ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. గాలి పేరుకైనా లేదు.

"నీ దేవుడు బోర్డులో మెంబరనుకుంటా ఒడ్నీ," అన్నాడు డ్రైవర్ ఆస్‌గేర్, బస్సు అద్దం మీది మంచు గీకుతూ.

"నాకు దేవుడు లేడు."

"అందుకే."

ఇంగున్ అప్పటికే ముందు సీట్లో కూర్చుంది. పోయిన చలికాలం కొండ మీద బిడ్డను పోగొట్టుకున్నది ఈమే. "ఎక్కడ జరిగిందో అక్కడ ఆపుతాం. దిగి నాలుగు ముక్కలు చెప్పు చాలు. నా అరుపులు వాళ్ళు బోలెడు విన్నారు, నీ మాట వినలేదు," అని ముందే చెప్పి ఉంచాను. సరే అంది. ఏడాదిగా ఏం అడిగినా సరే అనే అంటోంది. తింటావా అంటే సరే, వెళ్ళిపోమంటావా అంటే సరే.

బస్సు చెట్లు దాటి పైకెక్కింది. ఇక అంతా తెలుపే. ఎండ పడి మంచు కళ్ళలో గుచ్చుకుంటోంది. బోర్డు వాళ్ళు నల్లద్దాలు తీశారు. ఎవరో కమలాపండు ఒలిచారు, బస్సంతా వాసన.

"ఇంత అందంగా ఉంటుందని ఒక్కరూ చెప్పలేదే!" అంది బెంటె. బోర్డుకు అధ్యక్షురాలు. మా దగ్గర రాజుగారిని తప్ప ఎవర్నైనా నువ్వనే అంటాం, కాబట్టి మొహం మీదే అన్నాను:

"నొప్పులు పడేవాళ్ళు కిటికీలోంచి చూడరు బెంటె. అందుకే నీదాకా కబురు రాలేదు."

"అబ్బా, ఒక్క గంట తగువు ఆపవే తల్లీ. కాఫీ తాగు." తన ఫ్లాస్కులోంచి పోసిచ్చింది. తాగాను. కాఫీ బాగుంది, అందుకే ఇంకా మండింది నాకు.

కొండ నెత్తిన ఆస్‌గేర్ బస్సాపాడు. అందరూ దిగారు. ఇంగున్ రోడ్డు మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసింది.

"ఇక్కడేనా?" అన్నాను.

"తెలీదు."

"ఆస్‌గేర్, నీకు గుర్తుందా? ఆ రోజు ముందు బండి నీదే కదా."

తుఫానులో మంచు తోసే బండి ముందు పోతుంటే కార్లన్నీ దాని వెనక వరసగా పోవాలి. ఆ రోజు ఆ బండి నడిపింది ఇతనే.

"నా ముందు నా బ్లేడు తప్ప ఏమీ కనబడలేదు," అన్నాడు ఆస్‌గేర్. "నా వెనక బిడ్డ పుట్టిందన్న సంగతి కింద గేటు దగ్గర ఆగాకే తెలిసింది."

నేను ఇంగున్ చెవి దగ్గరికి వంగాను. "ఇదే అని చెప్పేయ్. ఎవడొచ్చి చూశాడు?"

"నాకే తెలీదు కదా ఒడ్నీ."

బోర్డు వాళ్ళు చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఇంగున్ వాళ్ళ వైపు తిరిగింది.

"ఆ రోజు ఇవి లేవు," అంది.

"ఏవి?" అంది బెంటె, మెల్లగానే.

"కొండలు."

అంతే. బెంటె కళ్ళు తుడుచుకుంది. నటన కాదు, నిజంగానే. "చలిగా ఉంది, లోపలికి పద," అంది.

బస్సు కదలగానే మైకు లాక్కున్నాను. వరసలోంచి పక్కకు తప్పుకోకూడదనీ, ఆగితే వెనక కారు గుద్దుతుందనీ, వెనక్కి తిప్పే దారే లేదనీ చెప్పాను. భర్త టూర్‌స్టైన్ ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఆమెను పట్టుకుని నడిపాడనీ, ఫోను పలకలేదనీ, ఆడపిల్ల పుట్టిందనీ, ఏడవలేదనీ చెప్పాను. తలలు వంచుకుని విన్నారు. సరిగ్గా అప్పుడే బస్సు మలుపు తిరిగింది. కింద ఫియోర్డ్. కొండల సందులోకి చొచ్చుకొచ్చిన సముద్రం, నల్లటి నీలం. వంగిన తలలన్నీ ఒక్కసారి లేచాయి.

నేనూ చూశాను. మైకు కట్టేశాను.

పెద్దాసుపత్రిలో వేడి వాఫుల్స్ పెట్టారు, మీద గోధుమరంగు చీజు. బెంటె పళ్ళెంతో వచ్చి నా పక్కన కూర్చుంది.

"నువ్వు చెప్పిన టైములో సగం కూడా పట్టలేదు ఒడ్నీ."

"రోడ్డు తెరిచి ఉంది కాబట్టి."

"తెరిచే ఉంది కదా మరి."

"మూసిన రోజు రా."

"మూసిన రోజు బస్సు రాదు కదా."

వెక్కిరింత కాదు. మామూలుగా అంది. రోడ్డు మూసుకుపోతుందని వాళ్ళకు చూపించాలంటే రోడ్డు తెరిచి ఉండాలి. ఈ ముడి మేమే వేసుకున్నాం, మేమే వాళ్ళని తోలుకొచ్చి బస్సెక్కించాం.

రేవు దగ్గర బోర్డు వాళ్ళు నీళ్ళ ముందు వరసగా నిలబడ్డారు. వెనక సీట్లో కూర్చొచ్చిన ఒకాయన ఫోను ఇంగున్ చేతిలో పెట్టాడు. "కాస్త ఒక ఫొటో తీస్తావా?"

నేను అడుగు ముందుకేసేలోపే ఆమె చేతితొడుగు ఊడదీసింది.

"దగ్గరగా జరగండి," అంది. "నీలం టోపీ, నువ్వు కొంచెం వంగు. వెనక కొండ పడట్లేదు."

వాళ్ళు నవ్వుతూ జరిగారు. తీసి, ఫోను ఇచ్చేసి, తొడుగు వేసుకుంది.

"ఎందుకు తీశావు?" అన్నాను.

"అడిగాడు."

గురువారం బోర్డు తాళమే ఖాయం చేసింది. రోడ్డును స్వయంగా చూశామనీ, ప్రయాణానికి బాగుందనీ తీర్మానంలో రాశారు. రాయక ఏం చేస్తారు? బాగుంది.

బస్సులో వెళ్ళిన రోజు సాయంత్రం, తిరుగుదారిలో, కొండ నెత్తికి వచ్చేసరికి, ఇంగున్ లేచి ఆస్‌గేర్ సీటు వెనక నిలబడింది.

"కాస్త మెల్లగా పోనివ్వు."

ఏడాదిలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఆస్‌గేర్ వేగం తగ్గించాడు. బస్సు పాకుతోంది.

"ఏమైంది? మేం రైలు అందుకోవాలి!" అన్నారు వెనకనుంచి.

ఆస్‌గేర్ అద్దంలోంచి నావైపు చూశాడు.

"పోతే పోనీ రైలు," అన్నాను. "ఇలాగే నడుపు."

వెనక సణుగుతూనే ఉన్నారు. వెలుతురు తగ్గి కొండలు కనబడడం మానేశాయి. ఇంగున్ అద్దానికి నుదురు ఆనించి బయటి తెలుపును చూస్తోంది. ఎక్కడా ఆపమనలేదు.